కిటికీ మూసుకున్న తలనొప్పి

"ఇంట్లో ఏం చేస్తూ వుంటారమ్మా?" అని అడిగితే మా ఆస్పత్రికి వచ్చే ఇల్లాళ్ళు చాలామంది ఒకటే జవాబు చెబుతారు. "ఏమీ లేదండీ, ఇంట్లోనే!" అని. మేమూ ఓ.పి. చీటీ మీద వృత్తి అన్నచోట "గృహిణి" అని రాసి, నాడి చూసి, బి.పి. చూసి, మందులు రాసిచ్చి తరవాతివాళ్ళని పిలుస్తాం. వరండాలో ఇంకా బారెడు క్యూ వుంటుంది మరి. ఆ "ఇంట్లోనే" అన్న ఒక్క మాటలో ఎంత పని దాగి వుంటుందో, ఆ పనిలో ఏయే జబ్బులు దాగి వుంటాయో అడిగి తెలుసుకునే ఓపిక నాకూ వుండేది కాదు. ఆ ఓపిక నేర్పింది పుస్తకాలు కావు, ఒక పక్కింటి పిన్నిగారు.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను గోదావరి జిల్లాలో ఒక పట్నంలో పనిచేస్తున్నాను. ముప్పై ఏళ్ళ అమ్మాయి తలనొప్పి అంటూ వచ్చింది. మూడు నెలలుగా వుందట. రోజూ మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలవేళ మొదలవుతుంది. తల దిమ్ముగా వుంటుంది, కడుపులో తిప్పుతుంది, కూర్చున్నచోటినుంచి లేస్తే తూలినట్టవుతుంది. అంతకుముందు రెండుసార్లు నా దగ్గరికే వచ్చింది. రెండుసార్లూ నేను పారాసిటమాల్ బిళ్ళలు రాసిచ్చాను. మొహం పాలిపోయినట్టుందని ఐరన్ మాత్రలు కూడా ఇచ్చాను. కళ్ళ డాక్టరు చూసి చూపు బాగానే వుందన్నారు. ఎవరో చెబితే ప్రైవేటులో తలకి స్కానింగు కూడా తీయించారు. అందులోనూ ఏమీ లేదు. ఏమీ లేదంటే మనిషికి సంతోషం కలగాలి గదా! కలగదు. "ఏమీ లేనప్పుడు ఇంత నొప్పెందుకు?" అని కొత్త దిగులు పట్టుకుంటుంది. ఆ అమ్మాయికీ అదే పట్టుకుంది.

మూడోసారి వచ్చినప్పుడు వెంట ఒక పెద్దావిడ వుంది. అరవై దాటిన మనిషి, చేతిలో గుడ్డ సంచి. బంధువేమో అనుకున్నాను. కాదు, పక్కిల్లు. తోడు రమ్మని ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది.

"ఇంట్లో ఏం చేస్తూ వుంటావమ్మా?" అని అలవాటుకొద్దీ అడిగాను.

"ఏమీ లేదండీ, ఇంట్లోనే..." అంది ఆ అమ్మాయి.

"ఇంట్లోనే అంటుందేమిటి డాక్టరమ్మా!" అని పెద్దావిడ అందుకుంది. "తొమ్మిదిన్నరకి ఆ అబ్బాయి బండి తీస్తాడా, పది కొట్టేసరికి ఈ పిల్ల ముందుగది కిటికీ మూసేస్తుంది. తలుపు గడియ పెడుతుంది. మధ్యాహ్నం పిలిచినా పలకదు. సందులోంచి నడిచి వెళ్తుంటే పెయింటు కొట్టు పక్కనించి వెళ్తున్నట్టు ఒకటే ఘాటు. మొన్న ఆటోలో రెండు పీటలు దింపారు, పైన దుప్పటి కప్పి! నిన్న ఒకావిడ కారులో వచ్చి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. ఎంతో కనపళ్ళేదు."

రోగి చరిత్ర ఎలా సేకరించాలో మా ప్రొఫెసర్లు కాలేజీలో ఏళ్ళ తరబడి నేర్పారు. టైముతో సహా ఇంత వివరంగా, ఇంత వరసగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు. మా హౌస్ సర్జన్లకి ఈవిడ చేత నాలుగు క్లాసులు చెప్పిస్తే బాగుండుననిపించింది. కాని ఆ అమ్మాయి మొహం చూస్తే కందగడ్డలా వుంది. "పిన్నిగారూ, మీరు కాస్త బయట కూర్చోండి" అన్నాను. ఆవిడ అయిష్టంగానే లేచి కర్టెను అవతలికి వెళ్ళింది. మా గదికి వున్నది కర్టెనే. తలుపు లేదు. రోగికీ డాక్టరుకీ మధ్య మాట మూడోవాళ్ళ చెవిన పడకూడదని చట్టాలూ చెబుతాయి, మా వైద్యనీతీ చెబుతుంది. చెక్క తలుపు మాత్రం ఎవరూ పెట్టించరు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ అమ్మాయి పెళ్ళిసామాను అలంకరిస్తుంది. పెళ్ళిపీటల మీద రంగులు వేసి వార్నీషు పూస్తుంది. కొబ్బరిబోండాలకి వధూవరుల పేర్లు, ముత్యాలు, అద్దాలు అంటిస్తుంది. అడ్డుతెర మీద పల్లకీలు, చిలకలు కుడుతుంది. సిల్కు దారం చుట్టిన గాజులు డజన్ల లెక్కన చేస్తుంది. ఫోనులో వీడియోలు చూసి సరదాగా మొదలుపెట్టిందట, ఏడాది తిరక్కుండానే ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఆషాఢం వెళ్ళగానే శ్రావణంలో ముహూర్తాలు. అంచేత ఆషాఢమంతా ఆమెకి ఊపిరాడనంత పని. మాట వరసకి అనటం లేదు, నిజంగానే ఊపిరాడనంత!

"మరి తలుపులు ఎందుకమ్మా మూసుకోవటం?"

"పిన్నిగారి కోసమేనండీ. పీటకెంత తీసుకుంటావు, నీకెంత మిగులుతుంది అని రోజూ అడుగుతారు. ఆవిడకి తెలిస్తే వీధి వీధంతా తెలుస్తుంది. మా అత్తగారి చెవినపడితే, కొడుకు జీతం చాలక కోడలిచేత పని చేయిస్తున్నాడని అనుకుంటారని ఆవిడ బాధపడతారు. ఎందుకొచ్చిన గొడవని ఈయన వెళ్ళాక తలుపేసుకుని చేసుకుంటాను. సాయంత్రం ఆయన వచ్చేలోగా అన్నీ మంచం కిందకి సర్దేస్తాను."

"ఫ్యాను వేసుకుంటావా?"

"చమ్కీలు ఎగిరిపోతాయండీ. వార్నీషు మీద దుమ్ము కూడా పడుతుంది."

"ఈమధ్య పుట్టింటికి వెళ్ళావా? అక్కడ కూడా తలనొప్పి వచ్చిందా?"

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "తమ్ముడి నిశ్చితార్థానికి వెళ్ళి ఆరు రోజులున్నానండీ... ఒక్కరోజు కూడా రాలేదు" అంది, తనే ఆశ్చర్యపోతూ.

ఆ ప్రశ్న నేను మొదటిసారే అడిగి వుంటే స్కానింగు ఖర్చు మిగిలేది. తప్పు నాదే. తలనొప్పి పని మొదలుపెట్టిన కొన్ని గంటలకి వస్తున్నదా, పని లేని రోజున తగ్గుతున్నదా, అదే గదిలో వుండే ఇంకొకళ్ళకి కూడా వస్తున్నదా? ఈ మూడు ప్రశ్నలూ ఎవరికి వారే వేసుకోవచ్చు. మూడింటిలో రెండింటికి అవునన్న జవాబొస్తే తలలో ఏదో వుందని భయపడే ముందు గదిలో ఏముందో చూసుకోవాలి.

గదిలో ఏముంటుంది? చెప్పులు అతికించటానికి వాడే పసుపుపచ్చని గమ్ము, రంగులో కలిపే థిన్నరు, కుంచెలు కడిగే టర్పెంటైను, మెరుపు కోసం పూసే వార్నీషు. వీటన్నిటిలో త్వరగా ఆవిరయ్యే ద్రావకాలుంటాయి. టాలుయీన్ అలాంటిదే. గమ్ము "ఆరింది" అంటాం చూశారా, ఆరటమంటే అందులోని ద్రావకం గాలిలో కలిసిపోవటమే. కిటికీ మూసివుంటే ఆ గాలి ఎటు పోతుంది? మన ముక్కులోకే. ఈ ఆవిర్లు మామూలు గాలికంటె బరువైనవి, అంచేత నేలబారున ఎక్కువ పేరుకుంటాయి. మన ఆడవాళ్ళు పని చేసేది నేల మీద చాప వేసుకునే గదా! పసిపిల్లలు పాకేదీ అక్కడే. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కణ్ణించి మెదడుకి చేరటానికి ఎంతోసేపు పట్టదు. ఈ ద్రావకాలకి మత్తు కలిగించే గుణం వుంది. తలదిమ్ము, వికారం, తూలు అందువల్లనే. మంచిగాలిలోకి వస్తే కొద్ది గంటల్లో పోతాయి. పోతున్నాయి గదా అని నెలల తరబడి, సంవత్సరాల తరబడి అదే గాలి పీలిస్తే నరాలూ, జ్ఞాపకశక్తీ దెబ్బతినే ప్రమాదం వుంది. కడుపుతో వున్నవాళ్ళు వీటి జోలికి అసలే పోకూడదు.

అన్ని గమ్ములూ ఇలాంటివి కావు. సిల్కు దారం చుట్టటానికి వాడే తెల్లటి గమ్ము నీళ్ళతో చేసినది, దానితో ఈ బాధ లేదు. మూత తియ్యగానే ముక్కుకి ఘాటుగా తగిలేదాన్నే అనుమానించాలి.

"ముక్కుకి గుడ్డ కట్టుకుంటానండీ" అంది ఆ అమ్మాయి. కరోనా రోజుల్లో మిగిలిపోయిన మాస్కులు కూడా ఇలా వాడుతున్నారు కొందరు. గుడ్డ దుమ్ముని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. అగరొత్తులు వెలిగిస్తే వాసన మారుతుందే గాని గదిలోని విషం పోదు. పైగా థిన్నరు ఆవిరి భగ్గుమని అంటుకునేది. దాని దగ్గర అగరొత్తి కాదు గదా, దేవుడి దగ్గర దీపం కూడా వుండకూడదు. వంటగదిలో పొయ్యి పక్కన కూర్చుని పీటలకి వార్నీషు పూసేవాళ్ళని తలుచుకుంటే నాకు గుండె దడ.

పనిని రెండుగా విడదీసుకోమని చెప్పాను. ముత్యాలూ, చమ్కీలూ, దారం పనీ గదిలో ఫ్యాను లేకుండా చేసుకున్నా ఫరవాలేదు. రంగు, వార్నీషు, ఘాటు గమ్ము మాత్రం డాబా మీదనో, వరండాలోనో. గదిలోనే తప్పదంటే ఎదురెదురుగా వున్న కిటికీలు రెండూ తెరిచి, టేబుల్ ఫ్యాను మొహం కిటికీ వైపు తిప్పి, గాలి బయటికి పోయేట్టు పెట్టుకోవాలి. పూసినవి పడకగదిలో ఆరబెట్టకూడదు. మంచం కింద సర్దుతున్నానని ఆ అమ్మాయి అన్నమాట గుర్తుందా? పగలు పీల్చింది చాలక రాత్రంతా ఇంటిల్లిపాదీ పీలుస్తున్నారన్నమాట.

లేవబోతుండగా మరో ప్రశ్న అడిగాను, ఇంట్లో రెండున్నరేళ్ళ బాబు వున్నాడని చీటీలో చూసి. "టర్పెంటైను ఎందులో పోసి వుంచుతావు?"

"కూల్ డ్రింకు సీసాలోనండీ."

నాకు కోపం వచ్చింది. గొంతు కాస్త పెద్దదే చేసి చెప్పాను. తాగే సీసాలో తాగకూడనిది పొయ్యకూడదు. పిల్లవాడికి లేబుల్ చదవటం రాదు, సీసా ఆకారమే వాడికి భాష. ఒకవేళ పొరపాటున తాగితే వాంతి మాత్రం చేయించవద్దు, ఉప్పునీళ్ళు పొయ్యవద్దు, వేలు పెట్టవద్దు, పాలు పట్టవద్దు. సీసాతో సహా ఆస్పత్రికి పరుగెత్తుకుని రావాలి. ఆ అమ్మాయి తల వూపింది. సీసా ఇవాళే మార్చేస్తానంది. కర్టెను అవతల గుడ్డ సంచి కదిలిన చప్పుడయింది. నేను పట్టించుకోలేదు.

ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ఈలోగా చేతిపనులు చేసేవాళ్ళ కళ్ళ గురించీ, చేతుల గురించీ చెప్పవలసినవి కొన్ని వున్నాయి.

చత్వారమన్న మాటలోనే నలభై వుంది. నలభై దాటాక కంట్లోని కటకం మెత్తదనం తగ్గి, దగ్గరివాటికి సర్దుకోలేకపోతుంది. అది జబ్బు కాదు, వయస్సు. నాకు నలభై మూడో ఏట సూదిలో దారం ఎక్కలేదు. సూది బెజ్జం చిన్నదిగా తయారుచేస్తున్నారని కంపెనీవాళ్ళని తిట్టుకున్నాను, నేను డాక్టర్ని అయివుండి! ఆరునెలలు మా అమ్మాయి చేత పది సూదుల్లో ఒకేసారి దారం ఎక్కించుకుని పిన్‌కుషన్‌లో గుచ్చి పెట్టుకున్నాను. కారణం ఒక్కటే, కళ్ళజోడు పెట్టుకుంటే "అప్పుడే ముసలిదానివైపోయావా?" అని ఎదురింటివాళ్ళు అంటారని. ఇలా దాచుకున్నందువల్ల చత్వారం ఆగదు, కనుబొమల మీద నొప్పీ, సాయంత్రానికి కళ్ళు ఎర్రబడటమూ అదనంగా వస్తాయి. నలభై దాటినవాళ్ళు కుట్టుపనికి అద్దాలు వేయించుకోవాలి. బజారులో దొరికే రెడీమేడ్ అద్దాలు రెండు కళ్ళకీ ఒకే నంబరుతో వుంటాయి, మన రెండు కళ్ళూ ఒకేలా వుండాలని ఎక్కడుంది? ఒకసారి పరీక్ష చేయించుకుంటే నీటికాసులు లాంటివి వుంటే అవీ బయటపడతాయి.

నల్లగుడ్డ మీద నల్లదారం పని రాత్రిపూట పెట్టుకోకండి. కుడిచేత్తో కుట్టేవాళ్ళకి దీపం ఎడమపక్క నుంచి పడాలి, అప్పుడు చేతి నీడ పని మీద పడదు. సూక్ష్మంగా చూసేటప్పుడు మనం రెప్ప వెయ్యటం తగ్గిస్తాం, అందువల్ల కళ్ళు పొడిబారి ఇసక పడ్డట్టుంటుంది. ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి ఇరవై అడుగుల దూరంలో వున్న దేన్నయినా ఇరవై సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. కిటికీ తెరిచివుంటే ఎదురుగా కొబ్బరిచెట్టు వుండనే వుంటుంది. మూసుకుంటే ఏం చూస్తారు, గోడనా?

గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని కుట్టే అలవాటు చాలామందికి వుంది. కిటికీలోంచి ఎవరో "ఏం చేస్తున్నావమ్మాయ్?" అని పిలవగానే ఉలిక్కిపడి గుటక వేసిన ఒకావిడ కడుపులోని గుండుసూదిని ఎక్స్‌రేలో నేను చూశాను. అలాంటప్పుడు అరటిపళ్ళు మింగటం, విరేచనాల మందు వేసుకోవటం చెయ్యకుండా వెంటనే రావాలి. ఆవిడ అదృష్టవంతురాలు, సూది దానంతటదే బయటపడింది. అందరికీ అలా జరగదు. కొందరికి గొట్టం వేసి తియ్యవలసి వస్తుంది.

ఇక చేతులు. నర్సాపురం ప్రాంతంలో వున్నవాళ్ళకి లేసు అల్లిక సంగతి చెప్పనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ స్త్రీలు నేర్పిన క్రోషియా పని అది. తరాల తరబడి అక్కడి ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని అల్లిన లేసు సముద్రాలు దాటి వెళ్ళింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఆడవాళ్ళ గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న వీళ్ళని అందరూ "ఇంట్లో కూర్చునే గృహిణులు" అనే అంటున్నారు, వాళ్ళ పనిని తీరికవేళ కాలక్షేపం అనుకుంటున్నారు అని ఆవిడ ఎత్తిచూపింది. ఇది చదివినప్పుడు నాకు మా ఓ.పి. చీటీ గుర్తొచ్చింది. వృత్తి: గృహిణి!

అలా అల్లేవాళ్ళు, మగ్గం వర్కు చేసేవాళ్ళు, అల్లికలు పెట్టుకున్నవాళ్ళు నాతో చెప్పే బాధ ఒకటుంది. రాత్రి రెండింటికీ మూడింటికీ మెలకువ వస్తుంది. చెయ్యి తిమ్మిరెక్కి, మంటగా, సూదులతో పొడిచినట్టుంటుంది. లేచి చెయ్యి విదిలిస్తే కాస్త నయమనిపిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలులో సగం, ఇంతవరకే తిమ్మిరి. చిటికెనవేలు బాగానే వుంటుంది. ఈ గుర్తు చాలు. మణికట్టు దగ్గర ఎముకలకీ ఒక గట్టి పట్టీకీ మధ్య సన్నటి దారి వుంది. దానిలోంచి మీడియన్ నాడి అరచేతిలోకి వెళ్తుంది. ఆ దారిలో వాపొచ్చి నాడి నలిగితే వచ్చే బాధ ఇది. కార్పల్ టన్నెల్ అంటాం. మగవాళ్ళకన్న ఆడవాళ్ళలో ఎక్కువ. షుగరున్నవాళ్ళకీ, థైరాయిడ్ తక్కువగా వున్నవాళ్ళకీ, గర్భిణులకీ రావచ్చు. అంచేత ఇలా వచ్చినవాళ్ళకి ఆ రెండు రక్తపరీక్షలూ చేయిస్తాం. నూటికి నూరుపాళ్ళూ అల్లికే కారణమని చెప్పను గాని, మణికట్టు వంచి గంటల తరబడి అల్లితే వున్న బాధ పెరుగుతుంది. రాత్రి మణికట్టు తిన్నగా వుండేట్టు పట్టీ కట్టుకుని పడుకుంటే మొదటి దశలో చాలామందికి గుణం కనిపిస్తుంది. "పక్షవాతమేమో" అని చుట్టుపక్కలవాళ్ళు అన్నదానికి హడలిపోయి వస్తారు కొందరు. పక్షవాతం చిటికెనవేలుని వదిలిపెట్టి రావటం చాలా అరుదు. అలాగని ఏళ్ళ తరబడి అశ్రద్ధ చేస్తే బొటనవేలి మొదట్లోని కండ కరిగిపోతుంది, చేతిలో వస్తువులు జారిపోతాయి. అప్పుడు ఆపరేషనే గతి.

గ్లూ గన్ను చురక తగిలితే పళ్ళపొడి, పసుపు పూయకండి, అంటుకున్న గమ్ముని పీకకండి, ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టండి. దీపావళికి అలంకరించే బ్యాటరీ దీపాల్లో గుండీలాంటి బ్యాటరీలుంటాయి. పసిపిల్లలు మింగితే అవి గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తాయి. మింగాడన్న అనుమానం వున్నా చాలు, తెల్లవారనిద్దామనుకోకూడదు.

ఇప్పుడు మళ్ళీ పిన్నిగారి దగ్గరికి.

శ్రావణం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం, నేను భోజనానికి లేవబోతూ వుండగా క్యాజువాలిటీ వైపు నుంచి కేకలు. చూస్తే పిన్నిగారు. భుజాన రెండున్నరేళ్ళ పిల్లవాడు, దగ్గుతున్నాడు. వెనకాల తల్లి, చెప్పులు లేవు, చేతులనిండా ఎర్రరంగు. పిల్లవాడి చొక్కా టర్పెంటైను వాసన కొడుతోంది. పిన్నిగారు గుడ్డ సంచిలోంచి కూల్ డ్రింకు సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదిగోనమ్మా సీసా. రెండు గుక్కలు తాగాడు. వాంతి చేయించలేదు. ఏమీ పట్టలేదు."

సీసా మార్చేస్తానన్న అమ్మాయికి ఆర్డర్ల తొందరలో కుదరలేదు. కిటికీ కూడా ఆ వేళ మూసే వుంది. తల్లి అడ్డుతెర కుడుతుండగా వాడు మూత తీశాడు. పొలమారి దగ్గాడు. తల్లికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నేను చెప్పినదంతా మరిచిపోయి వంటింట్లోకి పరుగెత్తి గ్లాసెడు నీళ్ళలో ఉప్పు కలిపింది. గోడ అవతల పిన్నిగారికి ఆ దగ్గు మామూలు దగ్గులా అనిపించలేదు. ముందు తలుపు గడియ వేసి వుంటే దొడ్డిదారిన వచ్చి, గ్లాసు లాక్కుని తొట్లో పారబోసింది. "వాంతి చేయించకూడదని డాక్టరమ్మ చెప్పలేదుటే!" అని కేకలేసి, 108కి ఫోను చేద్దామని తల్లి ఫోను వెతుక్కునేలోగా సందు చివర వున్న ఆటోని పిలుచుకొచ్చింది.

వాంతి ఎందుకు కూడదో చెబుతాను. టర్పెంటైను, కిరసనాయిలు, థిన్నరు, ఇవి చాలా పలచగా జారే పదార్థాలు. కడుపులో కూడా టర్పెంటైను మంచిది కాదు, మగత, ఫిట్సు రావచ్చు. కాని అంతకన్న ముందు భయపడవలసింది ఊపిరితిత్తుల గురించి. వాంతి అయ్యేటప్పుడు గొంతుదాకా వచ్చిన ద్రవం గాలిగొట్టంలోకి జారుతుంది. కొద్ది చుక్కలు వెళ్ళినా అక్కడ వ్యాపించి న్యుమోనియా తెస్తుంది. ఇక ఉప్పునీళ్ళు. పసివాడికి ఎక్కువ పోస్తే రక్తంలో ఉప్పు పెరిగి మెదడుకే ముప్పు. తెలియక మంచికే చేస్తారు గాని, తాగినదానికంటె చేసిన వైద్యం వల్లనే ప్రాణం మీదికి వచ్చిన పిల్లల్ని మేం చూశాం.

పిల్లవాడి బట్టలు తీసేసి ఒళ్ళు కడిగించాం. ఊపిరి వేగంగా తీస్తున్నాడు, ఆక్సిజన్ పెట్టాం. మొదట తీసిన ఎక్స్‌రే బాగానే వుంది. ఇలాంటి కేసుల్లో అది చూసి ఇంటికి పంపెయ్యకూడదు, మచ్చ కొన్ని గంటల తరవాత కనిపించవచ్చు. ఆ రాత్రి తీసినదాంట్లో కుడి ఊపిరితిత్తి కిందిభాగంలో మచ్చ కనిపించింది. జ్వరం వచ్చింది. ఆ రాత్రి నేను ఇంటికి వెళ్ళలేదు. తల్లి మంచం పట్టె పట్టుకుని నిలబడే వుంది, ఎంత చెప్పినా కూర్చోలేదు. పిన్నిగారు నేలమీద కూర్చుని వార్డులో వున్న ఎనిమిది మంది పిల్లల జబ్బులూ, వాళ్ళ ఊళ్ళూ, వాళ్ళ నాన్నల ఉద్యోగాలూ తెల్లవారేలోగా తెలుసుకుంది. రెండోనాటికి ఊపిరి నెమ్మదించింది. నాలుగోరోజు వాడు వార్డంతా పరుగెడుతుంటే పట్టుకోలేక నర్సులు విసుక్కున్నారు. మొదట దగ్గినప్పుడు కొంత లోపలికి వెళ్ళనే వెళ్ళింది. దానిమీద ఉప్పునీళ్ళు పోసి కక్కించి వుంటే ఈ కథ నేను ఇలా రాసేదాన్ని కాదు.

డిశ్చార్జి చీటీ రాస్తూ పిన్నిగారిని అడిగాను. "ఆరోజు మిమ్మల్ని బయట కూర్చోమన్నానుగా. వాంతి చేయించకూడదని మీకెవరు చెప్పారు?"

"బయటే వున్నానమ్మా" అంది ఆవిడ ఏమాత్రం తొణకకుండా. "గోడలకే చెవులుంటాయంటారు, కర్టెనుకి వుండవూ?"

చాటుగా వినటం తప్పని ఆవిడకి చెప్పవలసిన డాక్టర్ని నేను. చెప్పలేకపోయాను.

ఆ సంక్రాంతికి ఆ అమ్మాయి పిల్లవాడిని తీసుకుని మళ్ళీ చూపించటానికి వచ్చింది. ఊపిరితిత్తులు శుభ్రంగా వున్నాయి. తలనొప్పి ఏమయిందని అడిగితే నవ్వింది. రంగుల పనంతా వరండాలోకి మార్చిందట. టర్పెంటైను తాళం వేసే బీరువా మీది అరలోకి, దాని సొంత డబ్బాలోకి వెళ్ళింది. అందరికీ తెలిసిపోయాక మూయటానికి ఏముందని కిటికీ తెరిచే వుంచుతోందట. అత్తగారికీ తెలిసింది, పిన్నిగారి ద్వారానే. నాలుగు రోజులు ఫోనులో మాట్లాడలేదట. అయిదోరోజున ఫోను చేసి, తన చెల్లెలి మనవరాలి పెళ్ళికి అడ్డుతెర కావాలి, మనవాళ్ళే గనక కాస్త తగ్గించి చెయ్యమందట.

"పిన్నిగారు రాలేదా?"

"వచ్చారండీ, బయట వున్నారు. గాజులకి దారం చుట్టటం నేర్చుకున్నారు. డజనుకింతని ఇస్తున్నాను. చెయ్యి తిమ్మిరెక్కుతోందట, మీకు చూపిస్తానన్నారు."

పిన్నిగారు లోపలికి వచ్చి కూర్చుంది. చెయ్యి ముందుకు చాపింది. చిటికెనవేలు బాగానే వుందని నేను అడగకముందే చెప్పింది, ఆ సంగతి ఏ కర్టెను పక్కన విన్నదో మరి. షుగరు పరీక్షకి రాస్తూ వుంటే నా చీర అంచు వేళ్ళతో తడిమి చూసి, మెల్లగా అడిగింది.

"ఇంతకీ డాక్టరమ్మా, గవర్నమెంటువాళ్ళు మీకు నెలకెంతిస్తారు?"